మెటల్ షాపులో మెకానికల్ మెయింటెనెన్స్ పనులు నడిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రెస్‌లు, ప్లేట్లు కత్తిరించే షీరింగ్ మెషిన్లు, లేత్‌లు, ప్లేట్ రోలింగ్ మెషిన్లు, పైన క్రేన్లు. ఇలాంటి షాపులో మెయింటెనెన్స్ కో-ఆర్డినేటర్‌గా కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఫిట్టర్‌గా మొదలై తర్వాత చాలా ఏళ్ళు ఈ పనే చేశాను. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

షాపులో సూపర్‌వైజర్ ఉన్నాడు కదా, మళ్ళీ కో-ఆర్డినేటర్ ఎందుకు?

పని జరుగుతున్నంతసేపూ దాని పక్కన ఉండేది సూపర్‌వైజర్. పని మొదలుకాక ముందు, మధ్యలో ఆగినప్పుడు, ముగిసిన తర్వాత దాన్ని పట్టించుకోవాల్సింది కో-ఆర్డినేటర్. ఒక గేర్‌బాక్స్ మార్చాలంటే ఆగిన మెషిన్, చేసే మనుషులు, స్పేర్, ఎత్తడానికి క్రేన్, పర్మిట్ (పని మొదలుపెట్టడానికి రాతపూర్వక అనుమతి), ఈ ఐదూ ఒకే గంటకు ఒకే చోట చేరాలి. అందులో ఏ ఒక్కటి రాకపోయినా మిగతా నాలుగూ ఊరికే నిలబడి ఉంటాయి.

లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మెషిన్ సగటున 200 గంటలు నడిచి ఒకసారి ఆగుతుంది, బాగు చేయడానికి 8 గంటలు పడుతుంది అనుకోండి. 200ని 208తో భాగిస్తే ఆ మెషిన్ 96 శాతం సమయం అందుబాటులో ఉన్నట్టు. ఆ 8 గంటల్లో స్పానర్ తిరిగిన సమయం ఎంతో ఒకసారి పక్కన కూర్చుని రాసుకోండి. నేను రాసుకున్నప్పుడు మూడు గంటలు కూడా రాలేదు. మిగతాదంతా స్టోర్స్ తాళం కోసం, క్రేన్ కోసం, సంతకం కోసం ఎదురుచూడటమే. ఎదురుచూపు తగ్గించి 8ని 4 చేస్తే అదే మెషిన్ 98 శాతానికి వస్తుంది. కొత్త మెషిన్ కొనలేదు, కొత్త ఫిట్టర్‌ని పెట్టుకోలేదు.

బ్రేక్‌డౌన్ అని ఫోన్ వస్తే మొట్టమొదట ఏం చేయాలి?

పరిగెత్తకండి. ఫోన్ పెట్టేసే ముందే నాలుగు మాటలు అడగండి: ఎవరికైనా దెబ్బ తగిలిందా? మెషిన్ ఏ స్థితిలో ఆగింది, ప్రెస్ అయితే ర్యామ్ (పైకీ కిందికీ కదిలే బరువైన భాగం) పైన ఉందా కింద ఉందా? లోపల ప్లేటు ఇరుక్కుందా? ఆగేముందు చప్పుడో, వాసనో, పొగో ఏమైనా వచ్చిందా?

ఆ తర్వాత ఆపరేటర్‌ని అక్కడే ఉండమనండి. మనం వెళ్ళేసరికి అతను టీకి వెళ్ళిపోతే సగం సమాచారం అతనితోనే పోతుంది. "రెండు రోజుల నుంచి కిర్రుమంటోంది సార్" అనే ఒక్క మాట గంటసేపు వెతుకులాట తప్పిస్తుంది. ఆ మాట అన్నందుకు "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని మందలిస్తే మాత్రం ఇంకోసారి అసలు చెప్పడు.

ఒకేసారి నాలుగైదు పనులు వస్తే ఏది ముందు?

మనిషికి ప్రమాదం ఉన్నది అన్నిటికన్నా ముందు. ఇందులో బేరం లేదు. ప్రెస్ గార్డ్ (చెయ్యి లోపలికి పోకుండా ఆపే కవచం) పనిచేయకపోయినా ప్రెస్ నడుస్తుంది కాబట్టి ప్రొడక్షన్ వాళ్ళకు అది బ్రేక్‌డౌన్‌లా కనిపించదు. మన జాబితాలో అదే మొదటి పని, అది బాగయ్యేదాకా ప్రెస్ ఆగాలి.

తర్వాత, బదులు లేని మెషిన్. నాలుగు లేత్‌లలో ఒకటి ఆగితే పని నెమ్మదిస్తుంది. ఉన్న ఒక్క ప్లేట్ రోలింగ్ మెషిన్ ఆగితే వెనక వరసంతా ఆగుతుంది. ఏ మెషిన్ ఆగితే ఏమేమి ఆగుతాయో ముందే ప్రొడక్షన్ వాళ్ళతో కూర్చుని ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి. గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ పని ముందు జరగడం ఆ కాగితంతోనే ఆగుతుంది.

ప్రొడక్షన్ వాళ్ళు మెయింటెనెన్స్‌కి మెషిన్ ఇవ్వరు. ఏం చేయాలి?

"మెషిన్ కావాలి" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. "గురువారం డై (అచ్చు) మార్చేటప్పుడు ఎలాగూ రెండు గంటలు ఆగుతుంది, అందులో గంటంబావు మాకివ్వండి, సీల్ మార్చేస్తాం, స్పేర్ చేతిలో ఉంది" అని అడిగితే ఇస్తారు. వాళ్ళ ప్లాన్ మనకు తెలిసి ఉండాలి. మెటీరియల్ రాని రోజు, డై మార్చే సమయం, ఇన్‌స్పెక్షన్ కోసం ఆగే గంట, ఇవన్నీ మనకు దొరికే సందులు. నేను వారానికి ఒకసారి పావుగంట వాళ్ళ మీటింగ్‌లో కూర్చోవడం మొదలుపెట్టాక ఈ గొడవ చాలావరకు తగ్గింది.

ఇంకో మాట. గంటంబావు అని తీసుకుని మూడు గంటలు పట్టుకుంటే తర్వాతిసారి ఇవ్వరు, అది వాళ్ళ తప్పు కాదు. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేసి చెప్పాలి. అడిగేదాకా ఆగకూడదు.

జాబ్ కార్డులో ఎంత రాయాలి?

మెషిన్ ముందు నిలబడిన ఫిట్టర్ మళ్ళీ ఆఫీసుకు రావాల్సిన అవసరం లేనంత. "పంప్ చెక్ చేయాలి" అనేది జాబ్ కార్డు కాదు. ఏ పంపు, ఏ లక్షణం, ఏ సైజు స్పానర్లు, ఏ సీలు, ఎక్కడెక్కడ తాళం వేయాలి, బోల్టుకు ఎంత టార్క్ (తిప్పి బిగించే బలం), ఇవన్నీ ఉండాలి. వెనక పక్క ఖాళీ వదలండి. విప్పినప్పుడు ఏం కనిపించిందో ఫిట్టర్ అక్కడ రాయాలి. "బేరింగ్ మార్చాను" కన్నా "బేరింగ్ బయటి రింగు ఒకవైపే అరిగింది" అన్న వాక్యం వంద రెట్లు విలువైనది. ఎందుకంటే కొత్త బేరింగ్ కూడా అలాగే అరగబోతోందని అది ముందే చెబుతోంది.

మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి "పని జరుగుతోంది" బోర్డు పెడితే చాలదా?

చాలదు. బోర్డు ఎవరైనా తీసేయవచ్చు, గాలికి పడిపోవచ్చు, ఎవరూ చదవకపోవచ్చు. స్విచ్‌కి వేసిన తాళం అలా కాదు. పనిచేసే ప్రతి మనిషీ తన సొంత తాళం వేయాలి, తాళంచెవి తన జేబులోనే ఉండాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. ముగ్గురు పని ముగించి వెళ్ళినా నాలుగో మనిషి లోపల ఉన్నంతసేపు మెషిన్ కదలకూడదు.

కరెంటు ఒక్కటి ఆపితే మెషిన్ ప్రాణం పోయినట్టు కాదు. మెటల్ షాపులో మనుషులకు దెబ్బలు తగిలేది చాలాసార్లు లోపల మిగిలిపోయిన శక్తి వల్లే. ప్రెస్ ర్యామ్ పైన ఉంటే దాని బరువే ఒక శక్తి. కింద సేఫ్టీ బ్లాక్ పెట్టకుండా చెయ్యి లోపల పెట్టకూడదు. హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్‌లో (ప్రెషర్‌తో నూనె నిల్వ ఉంచే సిలిండర్) పంపు ఆగాక కూడా ప్రెషర్ నిలబడే ఉంటుంది, దాన్ని వదిలేసి గేజ్ సున్నా చూపించాకే పైపు విప్పాలి. గాలి లైను, సాగదీసిన స్ప్రింగు, ఇంకా తిరుగుతున్న ఫ్లైవీల్, మోటార్ వేగాన్ని నడిపే డ్రైవ్ లోపలి కెపాసిటర్, ఇవి కూడా ఇదే కోవకు చెందినవి. డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగాకే మూత తీయాలి.

తాళం వేశాక ఇంకొక్క పని ఉంది. స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. కదలకపోతే అప్పుడు పని మొదలు. పక్క మెషిన్ బ్రేకర్‌కి తాళం వేసి వచ్చినవాళ్ళని నేను చూశాను. పేర్లు ఒకేలా ఉన్నాయి, తొందరలో ఉన్నారు, అంతే. బటన్ నొక్కడం వల్లే ఆ రోజు తెలిసింది.

హైడ్రాలిక్ లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకకండి, ఎవరినీ వెతకనివ్వకండి. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె గ్లవ్స్‌నూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. కానీ అది వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గాయం, ఆలస్యమైతే వేలో చెయ్యో పోతుంది. అట్టముక్క పట్టుకుని వెతకండి.

షిఫ్ట్ మారేటప్పుడు పని సగంలో ఉంటే ఎలా అప్పగించాలి?

ఈ పేజీలో ఒక్క జవాబు మాత్రమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాస్ ప్లాట్‌ఫామ్ పేలిపోయి 167 మంది చనిపోయారు. మొదలు ఒక మెయింటెనెన్స్ పని. ఒక పంపు రిలీఫ్ వాల్వును (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలే వాల్వు) పగటి షిఫ్ట్ వాళ్ళు విప్పి తీసుకెళ్ళారు, సాయంత్రానికి పూర్తి కాలేదు. ఆ ఖాళీకి ఒక మూత ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పలక) పెట్టారు కానీ అది లీకు ఆపేంత బిగువుగా లేదు. వాల్వు తీసేసిన సంగతి రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు. ఆ పంపుకు రెండు పర్మిట్లు ఉన్నాయి. ఇంకా మొదలుకాని ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) పర్మిట్ రాత్రివాళ్ళకు తెలుసు, వాల్వు పర్మిట్ సంగతి తెలియదు. రాత్రి రెండో పంపు ఆగిపోతే దీన్ని స్టార్ట్ చేశారు. గ్యాస్ బయటికి వచ్చింది.

మనది చమురు ప్లాట్‌ఫామ్ కాదు. కానీ సగం పని, మూసినట్టు కనిపించే మూత, చేరని మాట, ఈ మూడూ మన షాపులో ప్రతి వారం ఉంటాయి. నేను పనిచేసిన ఒక షాపులో సాయంత్రం షిఫ్ట్ ముగిసేసరికి కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లను కలిపే భాగం) బోల్టులు చేతితో మాత్రమే బిగించి ఉన్నాయి. ఎవరికీ తగలకూడదని మంచి ఉద్దేశంతోనే గార్డ్ తిరిగి పెట్టారు. గార్డ్ ఉంది కదా, పని అయిపోయిందనుకున్నారు వచ్చినవాళ్ళు. మెషిన్ స్టార్ట్ చేసిన కొన్ని నిమిషాలకు బోల్టులు తెగి ముక్కలు గార్డ్‌కి కొట్టుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గార్డ్ మీద పడిన సొట్ట మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ పనికి కో-ఆర్డినేటర్‌ని నేనే, ఆ రోజు లాగ్ బుక్‌లో నేను రాసిన వాక్యం "కప్లింగ్ పని నడుస్తోంది". ఏది అయింది, ఏది కాలేదు అని రాయలేదు.

అప్పటి నుంచి నేను పాటించేవి చెబుతాను. అప్పగింత మెషిన్ దగ్గరే, ఇద్దరూ నిలబడి, వేలితో చూపిస్తూ జరగాలి. ఆఫీసులో కాదు. వెళ్ళేవాళ్ళ తాళం తీయడానికి ముందే వచ్చేవాళ్ళ తాళం పడాలి, మధ్యలో ఒక్క క్షణం కూడా మెషిన్ తాళం లేకుండా ఉండకూడదు. పూర్తి టార్క్ ఇచ్చిన బోల్టు మీద నట్టునూ ఫ్లాంజ్‌నూ కలుపుతూ పెయింట్ గీత గీస్తాం. గీత లేని బోల్టు బిగించనట్టే లెక్క. లాగ్ బుక్‌లో "కానివి" అని విడిగా ఒక గడి ఉంటుంది. వచ్చినవాళ్ళు విన్నది తిరిగి తమ మాటల్లో చెప్పాలి. మొదట్లో ఇది చిన్నపిల్లలకు పాఠం అప్పజెప్పించినట్టు ఉందని పెద్ద ఫిట్టర్లు నొచ్చుకున్నారు. నేనే ముందు వాళ్ళకు అప్పజెప్పడం మొదలుపెట్టాను, తర్వాత అలవాటైంది.

ప్రొడక్షన్ తొందరపెడుతుంటే ఏ పని తగ్గించవచ్చు?

పెయింటింగ్, పైపై తుడవడం, ఫొటోలు, రిపోర్టు, ఇవి తర్వాత చేసుకోవచ్చు. అలైన్‌మెంట్ (మోటార్, మెషిన్ షాఫ్ట్‌లు ఒకే వరసలో ఉండేలా చూడటం) తగ్గించకూడదు, టార్క్ తగ్గించకూడదు, శుభ్రత తగ్గించకూడదు.

మోటార్ పాదాల కింద ఒక పాదం గాల్లో ఉంటే, దాన్ని బోల్టుతో బలవంతంగా కిందికి లాగితే, మోటార్ బాడీయే వంగుతుంది. పక్కన డయల్ గేజ్ పెట్టి ఒక్కో బోల్టు వదులు చేసి చూడండి. 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ లేస్తే షిమ్ (పలుచని రేకు) పెట్టాలి. చల్లగా ఉన్నప్పుడు చేసిన అలైన్‌మెంట్ వేడెక్కాక మారుతుంది. ఒక మీటరు ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది.

బోల్టుకు ఇచ్చే టార్క్‌లో దాదాపు పదో వంతు మాత్రమే బిగువుగా మారుతుంది, మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. అందుకే పొడి బోల్టుకు చెప్పిన టార్క్‌ని నూనె పూసిన బోల్టుకు ఇస్తే బోల్టు సాగిపోతుంది. ఏ స్థితికి ఆ అంకె చెప్పారో కార్డు మీద రాయండి.

బేరింగ్‌ని షాఫ్ట్ మీదికి ఎక్కించడానికి గ్యాస్ మంటతో వేడి చేయనివ్వకండి. ఇండక్షన్ హీటర్ వాడాలి, 120 డిగ్రీలు దాటకూడదు. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగ్ ఆ రోజు బాగానే తిరుగుతుంది, కొన్ని వారాలకు మళ్ళీ మన దగ్గరికే వస్తుంది.

వెల్డింగ్, గ్రైండింగ్‌తో ముడిపడిన పనుల్లో ఏం చూసుకోవాలి?

అందరికీ గుర్తుండేది నిప్పు. రవ్వలు పది పదకొండు మీటర్ల దూరం కూడా పోతాయి. నేల సందుల్లోకి, కేబుల్ ట్రెంచ్‌లోకి కూడా పోతాయి. పని ముగిశాక కనీసం అరగంట, వీలైతే గంట, ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. అల్యూమినియం దుమ్ము పేరుకున్న చోట స్టీలు గ్రైండింగ్ జరగనివ్వకండి. ఆ దుమ్ము గాల్లోకి లేస్తే పేలుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది ఎర్త్ క్లాంప్, అంటే వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్ళే దారి. మెషిన్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు క్లాంప్‌ని వెల్డింగ్ చేసే ముక్కకే, వీలైనంత దగ్గరగా పెట్టాలి. దూరంగా ఏ ఫ్రేముకో పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది, లోపల బాల్స్ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. నెల తర్వాత ఆ బేరింగ్ పోతే వెల్డింగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

క్రేన్ మెయింటెనెన్స్ ఎప్పుడు పెట్టుకోవాలి?

షాపులో అన్ని పనులూ క్రేన్ మీద ఆధారపడతాయి కాబట్టి దానికి ఎప్పుడూ సమయం దొరకదు. అందుకే నెల ముందే తేదీ వేసి అందరికీ చెప్పేయండి. ఆ రోజు వేరే ఏ లిఫ్టింగ్ పనీ పెట్టకండి. కింద బారికేడ్ కట్టాలి, అదే ట్రాక్ మీద ఇంకో క్రేన్ ఉంటే అది ఇటు రాకుండా స్టాపర్లు పెట్టాలి.

ఏ స్పేర్లు ఉంచుకోవాలి?

తరచుగా అరిగేవి, తెప్పించడానికి నెలలు పట్టేవి. ఈ రెండు రకాలు చాలు. ఉంచుకున్నవాటిని చూసుకోవడం అసలు పని. స్టోర్స్‌లో పడుకోబెట్టిన మోటార్ షాఫ్ట్‌ని అప్పుడప్పుడు తిప్పకపోతే బేరింగ్ ఒకేచోట నొక్కుకుపోతుంది. రబ్బరు సీళ్ళకు వయసు ఉంటుంది. వీ-బెల్టులు సెట్టుగానే మార్చాలి. తెగిన ఒక్కటే మార్చితే సాగిన పాతవాటి బరువంతా కొత్తదే మోస్తుంది.

గ్రీజు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదే కదా?

కాదు. నిండా కుక్కితే గ్రీజు లోపలే చిలికినట్టై వేడెక్కుతుంది, సీలు తన్నుకుని బయటికి వస్తుంది. ఏ గ్రీజు మీద ఏ గ్రీజు పెడుతున్నామో కూడా చూడాలి. పడనివి రెండు కలిస్తే నీళ్ళలా కారిపోవచ్చు. బేరింగ్ 70 డిగ్రీలు దాటి నడుస్తుంటే ఆపైన ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు పెట్టే వ్యవధిని సగం చేయాలి. కొలిమి పక్కనున్న కన్వేయర్‌కీ చల్లటి మూలలో ఉన్న కన్వేయర్‌కీ ఒకే తేదీ వేస్తే ఒకదానికి అన్యాయం చేసినట్టే.

రోజువారీ తుడవడం, నూనె మట్టం చూడటం ఆపరేటర్ చేస్తేనే మంచిది. జపాన్‌లో 1970ల మొదట్లో మొదలైన టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) పద్ధతి ఈ ఆలోచన మీదే నిలబడింది. మెషిన్ తుడిచే చేతికే మొదటి పగులు తగులుతుంది.

ఏడాదికోసారి ప్రతి మెషిన్‌నీ పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలా?

బాగా నడుస్తున్నదాన్ని తేదీ వచ్చిందని విప్పకండి. విమానాల మెయింటెనెన్స్ మీద 1978లో నౌలాన్, హీప్ ఇచ్చిన నివేదికలో వాళ్ళు పరిశీలించిన భాగాల్లో 11 శాతానికి మాత్రమే వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగే తీరు కనిపించింది. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా చెడిపోయే రకం. అంకెలు విమానాలవే అయినా విప్పి బిగించడం వల్ల కొత్త తప్పులు దూరతాయన్న సంగతి మన ఫిట్టర్లందరికీ తెలుసు. అరిగేవాటికి, అంటే లైనర్లకు, బ్రేక్ షూలకు, బ్లేడ్లకు తేదీ పెట్టండి. బేరింగులకు వైబ్రేషన్, వేడి చూస్తూ ఉండండి. చట్టం ప్రకారం చేయాల్సిన పరీక్షలు మాత్రం తేదీకి జరగాల్సిందే.

బయటి టీమ్ వచ్చి పనిచేసేటప్పుడు?

వాళ్ళకు పని తెలుసు, మన షాపు తెలియదు. తల మీద క్రేన్ తిరుగుతుందని, ఫలానా నేలపలక బరువు మోయదని వాళ్ళకు ఎవరు చెబుతారు? మన మనిషి ఒకరు రోజంతా వాళ్ళతోనే ఉండాలి. తాళాలు వాళ్ళవి వాళ్ళకే ఇవ్వండి.

పని అయిపోయింది. మెషిన్‌ని ఎలా అప్పగించాలి?

పనిముట్లు లెక్కపెట్టి. గేర్‌బాక్స్ లోపల మరిచిన ఒక్క గుడ్డపేలిక నూనె దారిని మూసేయగలదు. గార్డులన్నీ వచ్చాయో లేదో చూసి, అందరూ బయటికి వచ్చారని పేరుపేరునా పిలిచి, అప్పుడు తాళాలు తీయాలి. ముందు లోడ్ లేకుండా, తర్వాత లోడ్‌తో నడిపి చూడాలి. ఆపరేటర్ తన చేతితో నడిపి "బాగుంది" అనాలి, సంతకం అతనిది. మొదటి గంట మన ఫిట్టర్ అక్కడే ఉంటే ఇంకా మంచిది.

ఫిట్టర్లు వయసులో నాకన్నా పెద్దవాళ్ళు, నా ప్లాన్ లెక్కచేయరు. ఏం చేయను?

ప్లాన్ వాళ్ళతో కలిసే వేయండి. "అన్నా, ఈ రోలర్ తీయడానికి ఎంతసేపు పడుతుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది?" అని అడగండి. వాళ్ళు చెప్పిన సమయమే రాయండి, తగ్గించకండి. వాళ్ళు అడిగిన షాకిల్, చెయిన్ బ్లాక్ ఉదయానికి మెషిన్ పక్కన కనిపిస్తే చాలు, తర్వాతి ప్లాన్‌కి వాళ్ళే వచ్చి కూర్చుంటారు.

రోజూ ఉదయం మీరు మొదట చూసేదేంటి?

తాళాల బోర్డు. ఎవరి తాళం ఏ మెషిన్ మీద ఉందో, ఆ మనిషి ఇప్పుడు షిఫ్ట్‌లో ఉన్నాడో లేడో చూస్తాను. తాళం ఉండి మనిషి లేకపోతే అతనికి ఫోన్ చేస్తాను, తర్వాత ఆ మెషిన్ దగ్గరికి వెళ్ళి ఏది విప్పి ఉందో నా కళ్ళతో చూస్తాను. ఆ తర్వాతే లాగ్ బుక్ తెరుస్తాను.